వానకు బొమ్మ పోతోందా? పెద్ద డిష్ కొనే ముందు ఇవి చూడండి

ప్రశ్న: మాది కోనసీమలో అమలాపురం దగ్గర పల్లెటూరు. డాబా మీద 60 సెంటీమీటర్ల డిష్, డీడీ ఫ్రీ డిష్ బాక్సు ఉన్నాయి. పెట్టించి కొన్నేళ్లయింది. ఈ మధ్య చిన్న వాన పడినా బొమ్మ గళ్ళుగళ్ళుగా విరిగి ఆగిపోతోంది. ఎండ కాసేటప్పుడు కూడా కొన్ని ఛానెళ్లు రావట్లేదు. మెనూలో సిగ్నల్ స్ట్రెంగ్త్ 85, క్వాలిటీ 40 చూపిస్తోంది. మెకానిక్ చూసి, సిగ్నల్ బాగానే ఉంది, 90 సెంటీమీటర్ల డిష్ వేస్తే సరిపోతుంది అన్నారు. మార్చమంటారా?

సమాధానం:

ఇప్పుడే మార్చకండి. మీరు రాసిన 85, 40 అనే రెండు అంకెల్లోనే చాలావరకు జవాబు ఉందండి.

స్ట్రెంగ్త్ అంటే కేబుల్ లోంచి బాక్సుకు ఎంత పవర్ వస్తోందో చెప్పే అంకె. అందులో ఎల్‌ఎన్‌బి, అంటే డిష్ ముందుకు చాచిన చేయి చివర ఉండే సిగ్నల్ పట్టే పరికరం, సొంతంగా పుట్టించే నాయిస్ కూడా కలిసి ఉంటుంది. డిష్‌ను ఏ శాటిలైటూ లేని ఖాళీ ఆకాశం వైపు తిప్పినా చాలా బాక్సులు స్ట్రెంగ్త్ బాగానే ఉన్నట్టు చూపిస్తాయి. ఎల్‌ఎన్‌బికి కరెంటు అందుతోంది, కేబుల్ తెగలేదు అన్నంత వరకే ఆ అంకెను నమ్మండి. వచ్చిన సిగ్నల్‌ను బాక్సు ఎంత శుభ్రంగా చదవగలుగుతోందో చెప్పేది క్వాలిటీ. మీ మెకానిక్ పై గీత, అంటే స్ట్రెంగ్త్, చూసి బాగుందన్నారు. చూడాల్సింది కింది గీత, అంటే క్వాలిటీ. ఆకాశం నిర్మలంగా ఉన్నప్పుడే క్వాలిటీ 40 ఉందంటే డిష్ గురి తప్పి ఉండాలి, లేదా ఎక్కడో తడి చేరి ఉండాలి, లేదా ఏదో అడ్డం వచ్చి ఉండాలి. ఈ మూడింటిలో ఏది ఉన్నా డిష్ సైజు పెంచితే తగ్గదు.

వానకు బొమ్మ ఎందుకు పోతుందో కూడా చెబుతాను, తర్వాత చేసే పని అర్థమవుతుంది. డీటీహెచ్ సిగ్నల్ వచ్చేది కేయూ బ్యాండ్ అనే ఫ్రీక్వెన్సీల్లో. ఆ తరంగం పొడవు రెండున్నర సెంటీమీటర్ల చిల్లర. వాన చినుకులు దాన్ని పీల్చుకుంటాయి, పక్కకు చెదరగొడతాయి. పాత యాంటెనా రోజుల్లో సిగ్నల్ తగ్గేకొద్దీ తెర మీద చుక్కలు పెరిగేవి, అయినా బొమ్మ కనిపించేది. డిజిటల్‌లో అలా ఉండదు. ఒక హద్దు వరకు బొమ్మ నిక్షేపంగా ఉంటుంది, ఆ హద్దు దాటగానే ఒక్కసారిగా పోతుంది. మామూలు రోజున మీ సిగ్నల్ ఆ హద్దుకు ఎంత పైన ఉంటే అంత వాన తట్టుకుంటుంది. మీది ఎండలోనే హద్దు పక్కన నిలబడి ఉంది, అందుకే చినుకుకే పడిపోతోంది. హెచ్‌డీ ఛానెళ్లు ముందు పోవడానికి కూడా ఒక కారణం ఉంది. ఒకే ఫ్రీక్వెన్సీలో ఎక్కువ డేటా కుదించి పంపే పద్ధతులకు సిగ్నల్ ఇంకా శుభ్రంగా ఉండాలి, వాటి హద్దు పైన ఉంటుంది.

ఇక పెద్ద డిష్ లెక్క. 60 నుంచి 90కి వెళ్తే పట్టే విస్తీర్ణం రెండుంపావు రెట్లు, సిగ్నల్ సుమారు మూడున్నర డెసిబెల్స్ (సిగ్నల్ హెచ్చుతగ్గుల కొలత) పెరుగుతుంది. మంచి లాభమే. కానీ డిష్ పెద్దదయ్యేకొద్దీ దాని చూపు సన్నబడుతుంది. 60 సెంటీమీటర్ల డిష్ చూపు వెడల్పు సుమారు 3 డిగ్రీలు, 90ది 2 డిగ్రీలు. గురి ఒక్క డిగ్రీ తప్పితే 60 డిష్‌లో ఒకటింపావు డెసిబెల్ పోతుంది. అదే తప్పుకు 90 డిష్‌లో మూడు డెసిబెల్స్ పోతాయి, అంటే పెద్ద డిష్ కొని సంపాదించిన దాంట్లో దాదాపు సగం అక్కడే ఖర్చయిపోతుంది. గురి సరిగా పెట్టని చేతులతోనే పెద్ద డిష్ పెట్టిస్తే డబ్బు దండగ. గాలి కూడా దానికి రెండుంపావు రెట్లు తగులుతుంది. సముద్రానికి దగ్గర్లో ఉన్న మీకు అది చిన్న విషయం కాదు.

డాబా ఎక్కే ముందు బాక్సులో ఒకసారి ఆటో స్కాన్ కొట్టండి. ఫ్రీ డిష్‌లో ఛానెళ్లకు చోటు (స్లాట్లు) ప్రసార భారతి ఈ-వేలంలో ఇస్తుంది కాబట్టి ఛానెళ్లు మారుతుంటాయి, స్కాన్ చేయని బాక్సులో పాత జాబితానే ఉండిపోతుంది. ఎంపెగ్ అంటే వీడియోను కుదించే పద్ధతి. మీ బాక్సు పాత ఎంపెగ్-2 రకం అయితే ఎంపెగ్-4లో వచ్చే ఛానెళ్లు డిష్ ఎంత బాగున్నా రావు. స్కాన్ తర్వాత కూడా ఒకే ఫ్రీక్వెన్సీలోని ఛానెళ్లన్నీ కలిసికట్టుగా పోతుంటే అప్పుడు పైకి ఎక్కాలి.

పైకెక్కాక డిష్‌ను తిప్పకండి, ముందు కనెక్టర్ విప్పండి. బాక్సు ప్లగ్ తీసేసిన తర్వాతే సుమా. ఎల్‌ఎన్‌బి దగ్గర కేబుల్ చివర మరతో బిగించి ఉండే ఎఫ్ కనెక్టర్ విప్పి మధ్య తీగ చూడండి. అది రాగి రంగులో మెరుస్తూ ఉండాలి. ఆకుపచ్చ మరక గానీ, చుట్టూ ఉన్న అల్యూమినియం జాలీ మీద తెల్ల పొడి గానీ కనిపిస్తే నీళ్లు చేరినట్టే. దాన్ని తుడిచి మళ్లీ బిగిస్తే కుదరదు. జాలీలోకి చేరిన నీరు ఒత్తిలోకి నూనె పాకినట్టు కేబుల్ పొడవునా పాకుతుంది. శుభ్రమైన తీగ కనిపించే వరకు ముక్కలు కోసుకుంటూ రండి. ఒక మీటరు కోసినా నలుపు, తెలుపు మరకలు కనిపిస్తుంటే కేబుల్ మొత్తం మార్చేయడమే మేలు. డిష్‌కు వాడే ఆర్‌జి 6 కేబుల్ ఖర్చు కొత్త డిష్ ఖర్చు ముందు తక్కువే.

కొన్ని ఛానెళ్లు మాత్రమే పోవడానికి కూడా ఈ తడి కారణం కావచ్చు. బాక్సు ఎల్‌ఎన్‌బికి 13 వోల్టులు పంపితే అది వర్టికల్ (నిలువు, వి) సిగ్నల్ పడుతుంది, 18 పంపితే హారిజాంటల్ (అడ్డం, హెచ్). కనెక్టర్ తుప్పు పట్టినప్పుడు దారిలోనే వోల్టేజ్ పడిపోయి ఎల్‌ఎన్‌బి తికమకపడుతుంది. పైగా కేబుల్ తన వంతుగా కొంత సిగ్నల్ తినేస్తుంది, వంద మీటర్లకు 20 నుంచి 30 డెసిబెల్స్. డిష్ నుంచి బాక్సు వరకు కేబుల్ 20, 30 మీటర్లు దాటకుండా చూడండి. మధ్యలో జాయింట్లు వద్దు. తప్పదంటే ఇంటి లోపల వేయండి, బయట మాత్రం వేయకండి.

తర్వాత అడ్డం. కోనసీమ అంటే కొబ్బరి చెట్లు కదా, డిష్ పెట్టిన రోజున లేని మట్ట ఇప్పుడు వచ్చి ఉండొచ్చు. ఫ్రీ డిష్ వచ్చేది 93.5 డిగ్రీల తూర్పున ఉన్న జీశాట్-15 నుంచి. మీ అమలాపురం నుంచి అది దక్షిణానికీ ఆగ్నేయానికీ మధ్య, ఉత్తరం నుంచి గడియారం తిరిగే వైపు లెక్కిస్తే 144 డిగ్రీల దిక్కులో, నేల నుంచి 66 డిగ్రీల పైచిలుకు ఎత్తులో ఉంటుంది. చాలా ఎత్తు అన్నమాట. చాలామంది డిష్ ముఖం చూసి ఎదురింటి మేడ అడ్డం అనుకుంటారు. మన డిష్‌లు ఆఫ్‌సెట్ రకం. ఎల్‌ఎన్‌బి కింద చేయి మీద ఉండటం వల్ల అవి తమ ముఖం కంటే సుమారు 25 డిగ్రీలు పైకి చూస్తాయి. కాబట్టి ఎదురిల్లు దాదాపు ఎప్పుడూ అడ్డం కాదు, అటువైపు గోడ పక్కనే ఉన్న చెట్టు అడ్డం అవుతుంది. మీ ప్రాంతంలో ఒక సులువైన కొలత చెబుతాను. ఆ దిక్కున ఉన్న చెట్టు డిష్ కంటే ఎన్ని అడుగులు ఎత్తుగా ఉందో చూడండి. అందులో సగం కంటే ఎక్కువ దూరంలో చెట్టు ఉంటే ఫర్వాలేదు. 20 అడుగుల ఎత్తు చెట్టు 10 అడుగుల అవతల ఉంటే చాలు, మట్టలు ఇటు వాలకుండా ఉంటే. తడిసిన ఆకు పొడి ఆకు కంటే చాలా ఎక్కువ సిగ్నల్ ఆపుతుంది. అందుకే ఎండలో కనపడని తేడా వానలో బయటపడుతుంది.

అంతకంటే కచ్చితమైన పరీక్ష సూర్యుడే చేస్తాడు. ఏటా రెండుసార్లు, మన దగ్గర మార్చి రెండో వారం అటూఇటూగా, మళ్లీ సెప్టెంబర్ చివర నుంచి అక్టోబర్ మొదటి రోజుల్లో, సూర్యుడు సరిగ్గా ఈ శాటిలైట్ వెనక నుంచి వెళ్తాడు. మనకు ఇది ఉదయం 11 గంటల ప్రాంతంలో జరుగుతుంది. కొన్ని నిమిషాలపాటు బొమ్మ పోతుంది కూడా. అది డిష్ తప్పు కాదు, దాని కోసం ఎవరికీ డబ్బులివ్వకండి. ఆ వేళకు డాబా ఎక్కి డిష్ మీద ఆకు నీడ పడుతోందేమో చూడండి. నీడ పడితే అడ్డం ఉంది, పడకపోతే లేదు. నాకు తెలిసి దీన్ని మించిన పరికరం లేదు.

డిష్‌ను నిలబెట్టిన కర్ర లేదా పైపు నిలువుగా ఉందో లేదో తాపీమేస్త్రీల రసమట్టంతో రెండు పక్కల నుంచీ చూడండి. పైపు వాలి ఉంటే డిష్‌ను పక్కకు తిప్పిన ప్రతిసారీ ఎత్తు కూడా మారిపోతుంది, మీకు గురి దొరకదు. చేత్తో గట్టిగా ఊపితే కదలకూడదు. కదిలితే ముందు దాని బోల్టులు, బేస్ ప్లేట్ సంగతి తేల్చాలి.

ఇప్పుడు గురి. కింద టీవీ దగ్గర ఒకరు ఉండి వీడియో కాల్‌లో క్వాలిటీ గీతను చూపిస్తూ ఉంటే ఒక్కరే పైన చేసుకోవచ్చు. ఫోన్ కంపాస్ వాడేటప్పుడు ఇనప పైపు నుంచి నాలుగడుగులు దూరం జరిగి చూడండి, దగ్గరగా పెడితే తప్పు చూపిస్తుంది. మన ప్రాంతంలో అయస్కాంత ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ తేడా చాలా తక్కువ, ఆ లెక్క మీరు పట్టించుకోనక్కర్లేదు. ఇదే చదువుతున్న వేరే ఊళ్ల వాళ్ల కోసం కూడా రాస్తున్నాను. హైదరాబాద్‌లో దిక్కు 138, ఎత్తు 63 డిగ్రీలు. విజయవాడలో 141, 65.5. విశాఖలో 149, 66. తిరుపతిలో 133, 67. టాటా ప్లే 83 డిగ్రీల దగ్గర ఉంది కాబట్టి విజయవాడ నుంచి అది దాదాపు నేరుగా దక్షిణం. టాటా ప్లే అంకెలను ఫ్రీ డిష్ అంకెలతో కలపకండి.

నట్లు పూర్తిగా విప్పొద్దు, చేతి బలంతో మెల్లగా కదిలేంత మాత్రమే వదులు చేయండి. కొంచెం కదిపి ఆగండి. బాక్సు క్వాలిటీ చూపించడానికి ఒకటి రెండు సెకన్లు ఆలస్యం చేస్తుంది. తొందరగా తిప్పుకుంటూ పోయే వాళ్లు అసలు చోటును దాటిపోయి, మళ్లీ వెనక్కి దాటిపోయి, గంట తర్వాత విసుగొచ్చి ఎక్కడో ఒకచోట బిగించేస్తారు. ఇంకో జాగ్రత్త ఉంది. డిష్ టీవీ శాటిలైట్ 95 డిగ్రీల దగ్గర, మనదానికి ఒకటిన్నర డిగ్రీల పక్కనే ఉంది. మీరు పొరపాటున అటు మొగ్గితే స్ట్రెంగ్త్ వస్తుంది, ఫ్రీ డిష్ ఛానెళ్లు సరిగా లాక్ కావు. అందుకే ఎప్పుడూ ఫ్రీ డిష్ ఛానెల్ పెట్టుకునే క్వాలిటీ చూడాలి. మెనూలో ఎల్‌ఎన్‌బి ఫ్రీక్వెన్సీ 9750–10600 అని ఉండాలి.

ఎక్కువ క్వాలిటీ వచ్చిన చోట ఆపేస్తే పని అయిపోయిందనుకోవద్దు. డిష్ తిప్పుతుంటే క్వాలిటీ గుట్టలా పెరిగి తగ్గుతుంది, ఆ గుట్ట పైభాగం చదునుగా ఉంటుంది. అటు ఒక డిగ్రీ, ఇటు ఒక డిగ్రీ వరకు గీత పెద్దగా కదలదు, మీరు చదును అంచున ఆగి ఉండొచ్చు. దీనికి మంచి పద్ధతి ఉంది. డిష్‌ను ఎడమకు మెల్లగా తిప్పుతూ క్వాలిటీ ఒక అంకెకు, ఉదాహరణకు 45కు, పడిపోయిన చోట పైపు మీద మార్కర్‌తో గీత పెట్టండి. కుడికి తిప్పి మళ్లీ సరిగ్గా 45కు పడిన చోట ఇంకో గీత. రెండు గీతల సరిగ్గా మధ్యలో పెట్టండి. ఎత్తుకు కూడా ఇలాగే చేయండి. తర్వాత మళ్లీ ఒకసారి ఎడమ కుడి చూడండి, ఒకదాన్ని సరిచేస్తే రెండోది కాస్త మారుతుంది. గీత మరీ ఎక్కువగా ఉండి తేడా తెలియకపోతే, తడిపి పిండిన పలుచటి గుడ్డను ఎల్‌ఎన్‌బి మూతి మీద కప్పండి. సిగ్నల్ తగ్గి చిన్న తేడాలు కూడా కనిపిస్తాయి. పని అయ్యాక గుడ్డ తీసేయండి.

చాలా మంది మెకానిక్‌లు వదిలేసేది ఎల్‌ఎన్‌బి తిప్పడం. శాటిలైట్ మనకు నేరుగా దక్షిణంలో లేదు కాబట్టి దాని నిలువు, మన నిలువు ఒకటి కావు. అమలాపురం లెక్క ప్రకారం ఎల్‌ఎన్‌బి సుమారు 34 డిగ్రీలు ఒరగాలి. డిష్ వెనక నిలబడి శాటిలైట్ వైపు చూస్తూ గడియారానికి వ్యతిరేకంగా తిప్పాలి. గడియారంలో 6 దగ్గర ఉన్న కనెక్టర్ మూతి 5ను కొంచెం దాటి రావాలి. అక్కడ నుంచి అటూఇటూ కొద్దిగా కదుపుతూ క్వాలిటీ ఎక్కడ ఎక్కువుందో చూసి ఆపండి. హోల్డర్‌లో ఒక సెంటీమీటరు ముందుకు, వెనక్కి జరిపి కూడా చూడండి. 40 ఉన్న క్వాలిటీ డిష్ ముట్టుకోకుండానే దీనితో పైకి లేచిన ఇళ్లు నేను చాలా చూశాను.

బిగించేటప్పుడు ఒక నట్టును పూర్తిగా బిగించి తర్వాత రెండోది పట్టుకుంటే డిష్ పక్కకు లాగేస్తుంది. కొంచెం ఇది, కొంచెం అది, మార్చి మార్చి బిగించండి, గీత చూస్తూ. చివర్లో పైపుకూ క్లాంపుకూ కలిపి ఒక అడ్డగీత, ఎత్తు స్కేలు దగ్గర ఇంకో గీత చెరగని మార్కర్‌తో గీయండి. రేపు గాలికి కదిలిందో లేదో ఒక్క చూపులో తెలుస్తుంది.

ఇక తడి రాకుండా చూసుకోవడం. మీ ఊళ్లో ఉప్పుగాలి కాబట్టి ఇక్కడ పొదుపు చేయకండి. మెలితిప్పి ఎక్కించే కనెక్టర్ బదులు నొక్కి బిగించే కంప్రెషన్ కనెక్టర్ వేయించండి, దాని పనిముట్టు ఉన్న వాళ్ల చేత. ఎల్‌ఎన్‌బి మరల మీద కాస్త సిలికోన్ గ్రీజు రాసి బిగించి, పైన సాగదీస్తే తనకు తానే అతుక్కునే సెల్ఫ్ ఫ్యూజింగ్ రబ్బర్ టేపును కింద నుంచి పైకి, ఒక చుట్టు మీద సగం ఇంకో చుట్టు వచ్చేలా చుట్టండి. మామూలు కరెంటు పనుల పీవీసీ టేపు మన వేసవికి బంక కారి విడిపోతుంది. పైగా లోపలికి వెళ్లిన నీటిని బయటికి పోనివ్వదు, అది లేకపోవడమే నయం. సిలికోన్ పూయాలనుకుంటే వెనిగర్ వాసన వచ్చే రకం వద్దు, అది ఆరేటప్పుడు వచ్చే ఆమ్లం రాగిని తినేస్తుంది. న్యూట్రల్ అని రాసి ఉన్నది అడిగి తీసుకోండి.

కేబుల్ ఎల్‌ఎన్‌బి నుంచి నేరుగా చేయి మీదకు బిగుతుగా లాగకుండా, కింద కొంచెం వేలాడేలా యూ ఆకారంలో వదలండి. నీళ్లు అక్కడికి జారి కింద పడతాయి. ఇంట్లోకి వెళ్లే కన్నం దగ్గర కూడా అలాగే. ఆ కన్నం బయటి వైపు వాలి ఉండాలి. ఎల్‌ఎన్‌బి ముందు ప్లాస్టిక్ మూత ఎండకు పగులుతుంది. సన్నటి పగులు కనిపించినా ఎల్‌ఎన్‌బి మార్చేయండి. కొందరు దాని మీద పాలిథిన్ కవరు కడతారు, వద్దు. కవరు మీద నిలిచిన నీటి పొర వానకంటే ఎక్కువ సిగ్నల్ ఆపుతుంది. డిష్ తుప్పు పట్టి ఉంటే గీకి, ప్రైమర్ వేసి, మెరుపు లేని రంగు పలుచగా వేయండి. మెరిసే రంగు వేస్తే సూర్యుడు ఎదురుగా వచ్చే రోజుల్లో ఆ వేడంతా ఎల్‌ఎన్‌బి మీద పడుతుంది. నట్లు, బోల్టులు స్టెయిన్‌లెస్ స్టీలువి వేసి గ్రీజు రాయండి. బేస్ కోసం డాబా స్లాబుకు కన్నాలు పెట్టిస్తే ఆ కన్నాల్లోంచి ఇంట్లోకి నీళ్లు దిగుతాయి. పిట్టగోడకు పక్క నుంచి ఫాస్టనర్లతో బిగించడం మంచిది, గోడ గట్టిదైతే.

తుఫాను మాటకు వస్తే, గంటకు 100 కిలోమీటర్ల గాలి నేరుగా తగిలితే 60 డిష్ మీద సుమారు 15 కిలోల తోపు పడుతుంది. 180 కిలోమీటర్లకు అది 50 కిలోలు దాటుతుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు వీచింది ఆ స్థాయి గాలే. వాతావరణ శాఖ హెచ్చరిక రాగానే, గాలి మొదలవ్వకముందే, మార్కర్ గీతలు ఉన్నాయని నిర్ధారించుకుని డిష్ విప్పి ఇంట్లో పెట్టేయండి. తుఫాను వెళ్లాక గీతల దగ్గర పెడితే కొద్ది నిమిషాల్లో సిగ్నల్ పడుతుంది. ఊడిన డిష్ గాలిలో ఎగిరి ఎవరికి తగులుతుందో తెలియదు, దయచేసి దీన్ని నిర్లక్ష్యం చేయొద్దు.

ఉరుము వినిపిస్తే డాబా దిగిపోండి. ఏప్రిల్, మే నెలల సాయంత్రపు గాలివానల్లో పిడుగులు ఎక్కువ. పైపుకు విడిగా ఎర్త్ తీగ వేయించండి, బాక్సు వాడనప్పుడు ప్లగ్‌తో పాటు డిష్ కేబుల్ కూడా విప్పండి. ప్లగ్ ఒక్కటే తీస్తే కేబుల్ దారి తెరిచే ఉంటుంది. డాబా పక్కనుంచి కరెంటు తీగలు వెళ్తుంటే డిష్ పైపును ఎత్తే ముందు, దించే ముందు ఆ తీగలకు తగిలే పొడవు ఉందేమో చూసుకోండి. అనుమానం ఉంటే లైన్‌మన్‌ను పిలవండి.

కోతులు ఉన్న ఊళ్లలో ఎల్‌ఎన్‌బి చేయి వంగిపోతుంటుంది, బోలుగా ఉన్న చేతి గొట్టంలో కందిరీగలు గూడు పెడతాయి. మీ చేయి పెట్టే ముందు చూసుకోండి, గొట్టం మూతి మూసేయండి.

ఇవన్నీ చేశాక మామూలు వాన మీ డిష్ తట్టుకోవాలి. కుండపోత పడితే ఐదు పది నిమిషాలు పోతుంది, అది 90 డిష్ ఉన్న ఇంట్లో కూడా పోవచ్చు. గురి సరిగా ఉండి, కనెక్టర్ పొడిగా ఉండి, ఆకు నీడ కూడా లేక, అయినా సాధారణ వానకు పోతుంటే అప్పుడు ఎల్‌ఎన్‌బి మార్చి చూడండి. అదీ కాకపోతే 90 డిష్ కొనండి, బలమైన పైపుతో. పని అయ్యాక ఎండలో క్వాలిటీ ఎంత వచ్చిందో, ఇంకా రాని ఛానెళ్ల ఫ్రీక్వెన్సీ పక్కన వి ఉందో హెచ్ ఉందో రాయండి. లోపం కేబుల్‌లో ఉందో ఎల్‌ఎన్‌బిలో ఉందో దాన్ని బట్టి చెబుతాను.